పౌరసత్వ ప్రమాణానికి ముందే తెనాలి పొలం నా పేరున రాయించుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి అమ్మాయి
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2018లో కెనడా వచ్చాను, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) మీద ఉన్నాను. 5 ఏళ్లలో 1,095 రోజులు ఇక్కడ ఉండాలన్న లెక్క ఎప్పుడో దాటింది. పౌరసత్వానికి అప్లై చేశాను, పరీక్ష కూడా అయిపోయింది. ప్రమాణానికి ఏ రోజైనా పిలుపు రావచ్చు.

నాన్నకి 74 ఏళ్లు. అమ్మ పోయి రెండేళ్లయింది. ఊళ్లో 3 ఎకరాల మాగాణి, తెనాలిలో చిన్న డాబా ఇల్లు ఉన్నాయి. మేమిద్దరం, నేనూ అన్నయ్యా. అన్నయ్య విజయవాడలో ఉంటాడు. పోయిన వారం నాన్న ఫోన్లో, "నువ్వు ఆ దేశం మనిషివైపోతే పొలం నీ పేరున పెట్టడం కుదరదంట కదమ్మా. ఈలోపే రా, ఎకరంన్నర రాసేస్తాను" అన్నారు. ఊళ్లో దస్తావేజులు రాసే ఆయన కూడా అదే చెప్పారట. టికెట్ బుక్ చెయ్యబోతూ ఆగి ఇది రాస్తున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. నేను పౌరసత్వం తీసుకునేది నాన్న దగ్గర ఉండటానికే. పీఆర్ నిలవాలంటే 5 ఏళ్లలో 730 రోజులు కెనడాలో ఉండి తీరాలి. నాన్నకి ఆరోగ్యం బాగా లేకపోతే వచ్చి ఎన్నాళ్లయినా ఉండిపోవాలని నా కోరిక. పీఆర్ మీద ఉంటే రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండాలి. కెనడా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇండియా ఇచ్చే జీవితకాలపు వీసా) ఉంటే ఆ టెన్షన్ ఉండదు. కానీ నాన్న దీన్ని "మన దేశాన్ని వదులుకోవడం" అనుకుంటున్నారు. పైకి అనరు, గొంతులో తెలుస్తోంది.

ప్రమాణం ముందా, పొలం ముందా? దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


బందరు రోడ్డు
ఆదివారం, రాత్రి 10:25

అమ్మా, నేను బ్యాంకులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఎన్ఆర్ఐ ఖాతాల పని చాలా ఏళ్లు చూశాను. నాన్నగారిని చూడటానికి తప్పకుండా రండి. ఆ దస్తావేజు కోసం మాత్రం రావద్దు.

మీ ఊళ్లో చెప్పిన మాటలో సగమే నిజం. "విదేశీ పౌరసత్వం వస్తే పొలం కొనకూడదు, దానంగా తీసుకోకూడదు" అన్నది నిజమే. అయితే మీరు ఇప్పటికే ఎన్ఆర్ఐ. ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐకి కూడా వ్యవసాయ భూమి, తోటలు, ఫాంహౌస్ కొనే వీల్లేదు, గిఫ్టుగా తీసుకునే వీల్లేదు. ఆ చట్టం కింద 2019లో వచ్చిన నాన్ డెట్ ఇన్‌స్ట్రుమెంట్స్ రూల్స్‌లో ఎన్ఆర్ఐని, ఓసీఐని ఈ విషయంలో ఒకే గాటన కట్టారు. అంటే ప్రమాణానికి ముందు రాయించుకున్నా, తర్వాత రాయించుకున్నా తప్పు తప్పే. ప్రమాణం తేదీకీ దీనికీ సంబంధం లేదు.

వారసత్వంగా రావడం వేరు. తండ్రి తదనంతరం వీలునామా ద్వారా గానీ, వారసురాలిగా గానీ పొలం మీకు వస్తే ఏ అడ్డూ లేదు. మీరు అప్పటికి కెనడా పౌరురాలైనా సరే వస్తుంది. మీ డాబా ఇంటి సంగతి మరీ సులువు, అది నివాస ఆస్తి కనుక ఇప్పుడే గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసినా చెల్లుతుంది.


ప్రకాశం బ్యారేజి
ఆదివారం, రాత్రి 11:05

బందరు రోడ్డు గారూ, మీరు చెప్పింది కాగితం మీద నిజమే అయ్యుండొచ్చు. మా పెద్దనాన్న కొడుకు అమెరికాలో ఉంటూ రెండేళ్ల క్రితం పొలం దాన సెటిల్‌మెంట్ రాయించుకున్నాడు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరూ ఏమీ అడగలేదు. పాసు పుస్తకం కూడా వచ్చింది.


బందరు రోడ్డు
సోమవారం, ఉదయం 6:50

రిజిస్ట్రేషన్ అవుతుంది బాబూ, కాదని అనడం లేదు. ఆధార్, పాన్, స్టాంపు డ్యూటీ సరిగ్గా ఉంటే అక్కడ దస్తావేజు నమోదు చేస్తారు. మీరు ఏ దేశంలో ఉంటున్నారని అడిగి ఫెమా చూడటం వాళ్ల పని కాదు. చిక్కు తర్వాత వస్తుంది. పొలం అమ్మిన రోజున డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో (ఎన్ఆర్ఐలకి ఇండియాలో ఉండే రూపాయల ఖాతా) పడాలి, అక్కడి నుంచి విదేశానికి పంపాలంటే సీఏ సర్టిఫికెట్ కావాలి. అప్పుడు బ్యాంకు మొదట అడిగేది "ఈ ఆస్తి మీకు ఎలా వచ్చింది" అని. నా కౌంటర్ దగ్గరే ఇలా ఆగిపోయినవాళ్లు ఉన్నారు. ఫెమా ఉల్లంఘన తేలితే ఆస్తి విలువకు 3 రెట్ల దాకా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. మీ అన్నయ్యగారిని ఒక మంచి సీఏని కలవమనండి, ఇప్పుడే. ఆలస్యం చెయ్యొద్దు.

ఇంకొకటి. ఇండియాలో నివాసం ఉన్న రోజుల్లో కొనుక్కున్న పొలం తర్వాత విదేశం వెళ్లినా, అక్కడి పౌరసత్వం తీసుకున్నా ఉంచుకోవచ్చు. ఆ భయం ఎవరికీ అక్కర్లేదు.


బ్రాడీపేట నాలుగో లైను
సోమవారం, ఉదయం 8:15

నేను గుంటూరులో సివిల్ కేసులు చూసే లాయర్ని. పై మాటకి ఒక్కటి చేరుస్తాను. ఆ 3 ఎకరాలు నాన్నగారి స్వార్జితమా, తాతగారి నుంచి వచ్చిందా? ఇది ముందు తేలాలి. పిత్రార్జితం అయితే ఆడపిల్లకి పుట్టుకతోనే వాటా ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చిన ఈ హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉంది, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఇచ్చారు. అలాంటప్పుడు నాన్నగారు మొత్తానికి వీలునామా రాయలేరు, తన వాటాకే రాయగలరు. అందుకే లింకు డాక్యుమెంట్లు, పాత అడంగల్, 1బి తీసుకుని ఒకసారి ఎవరికైనా చూపించండి.

స్వార్జితమే అయితే వీలునామా చాలు. ఇద్దరు సాక్షులు కావాలి, ఆస్తి పొందేవాళ్లు సాక్షులుగా ఉండొద్దు. రిజిస్టర్ చెయ్యడం తప్పనిసరి కాదు గానీ నేనైతే తప్పకుండా చేయించమంటాను. 70 దాటినవాళ్లు రాసేటప్పుడు మతి స్థిమితంగా ఉందని డాక్టర్ సర్టిఫికెట్ ఒకటి జతచేస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. వీలునామాకి మీరు ఊళ్లో ఉండాల్సిన పని లేదు. అన్నయ్యకి మాత్రం ముందే అన్నీ తెలిసి ఉండటం మంచిది.


బందరు రోడ్డు
సోమవారం, ఉదయం 9:30

లాయరు గారు చెప్పింది బాగుంది. నా మనసులో మాట ఒకటి. వీలునామా అయితే బతికున్నన్నాళ్లూ పొలం ఆయనదే. నచ్చకపోతే మార్చుకోవచ్చు. బతికుండగా అంతా పిల్లల పేరున రాసేసి, నెలకి పింఛను తీసుకున్నట్టు కొడుకు దగ్గర డబ్బు అడగాల్సి వచ్చిన పెద్దవాళ్లని బ్యాంకులో ఎందరినో చూశాను. మీ ఇంట్లో అలా జరగదని తెలుసు. అయినా మీ నాన్నగారి పొలం ఆయన పేరునే ఉండనివ్వండి అమ్మా.


తెనాలి అమ్మాయి
సోమవారం, సాయంత్రం 7:10

ఏం చెప్పాలో తెలియడం లేదు. ఇవన్నీ చదివి నాన్నకి ఫోన్ చేశాను. పొలం తాతయ్య ఇచ్చింది కాదు, 1988లో నాన్న సొంతంగా కొన్నది. దస్తావేజు ఉంది. "అయితే రాయడం అక్కర్లేదా? నువ్వు ఆ దేశం పౌరురాలివైనా నీకు వస్తుందా?" అని రెండుసార్లు అడిగారు. వస్తుందని చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

ఇక ప్రమాణం తర్వాత ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఎవరైనా చెప్తారా? ఇండియా పాస్‌పోర్టుకి ఇంకా 6 ఏళ్ల గడువుంది.


డల్లాస్ గుంటూరు
సోమవారం, రాత్రి 8:45

ముందుగా ఆ 6 ఏళ్ల గడువుని మర్చిపోండి. రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న క్షణంలో మన పౌరసత్వం పోతుంది. మీరు కాగితం పెట్టేదాకా ఆగదు. ప్రమాణం చేసిన మధ్యాహ్నం నుంచి ఆ పాస్‌పోర్టు మీద ప్రయాణం చెయ్యకూడదు. చేస్తే పాస్‌పోర్టు చట్టం కింద నేరం, జరిమానా.

నేను 2019లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాను. సరిగ్గా నెలకి మా నాన్నకి పక్షవాతం వచ్చింది. చేతిలో ఇంకా గడువున్న ఇండియా పాస్‌పోర్టు, వీసా ముద్ర అవసరం లేదు, టికెట్ కొనుక్కుని వెళ్లిపోవడమే అనిపించింది. నా భార్య ఆపింది. ఈ-వీసా (ఆన్‌లైన్ వీసా) పెట్టాం, మూడు రోజులకి వచ్చింది. ఆ మూడు రోజులూ ఎలా గడిచాయో నాకే తెలుసు. అందుకని వరస చెప్తాను: ప్రమాణం, వెంటనే కొత్త పాస్‌పోర్టు, వెంటనే ఇండియా పాస్‌పోర్టు సరెండర్ చేసి రినన్సియేషన్ సర్టిఫికెట్ (పౌరసత్వం వదులుకున్నట్టు ఇచ్చే పత్రం), అది రాగానే ఓసీఐ. ఒక్కదానికీ మధ్యలో "వచ్చే నెల చూద్దాం" అనుకోవద్దు.


స్కార్‌బరో
సోమవారం, రాత్రి 9:20

డల్లాస్ అన్న మాటకి నేను సాక్ష్యం. నేను 2023 ఆగస్టులో కెనడా ప్రమాణం చేశాను. ఓసీఐ క్రిస్మస్ సెలవల్లో పెడదాంలే అనుకున్నాను. సెప్టెంబరు 21న కెనడా పౌరులకి ఇండియా వీసాలు ఆపేసింది. అక్టోబరు 26న కొన్ని రకాలు మొదలుపెట్టారు, ఈ-వీసా నవంబరు 22 దాకా రాలేదు. ఆ మధ్యలో, అక్టోబరు మొదటివారంలో, కొత్తపేటలో మా అమ్మమ్మ పోయింది. నన్ను పెంచింది ఆవిడే. పెద్దకర్మ వీడియో కాల్‌లో చూశాను. ఓసీఐ ఉన్నవాళ్లకి ఆ రెండు నెలలూ ఏ ఆటంకమూ లేదు, మామూలుగా వెళ్లొచ్చారు. నాది ఆలస్యం. అక్కా, మీరు మాత్రం ప్రమాణం అయిన వారంలోనే మొదలుపెట్టండి.


తెనాలి అమ్మాయి
సోమవారం, రాత్రి 9:50

చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి తమ్ముడూ. ఫారాలు ఇప్పుడే నింపి పెట్టుకుంటాను.


మిర్చి యార్డు
మంగళవారం, ఉదయం 7:30

ఇదే విషయంలో నాదీ ఒక ప్రశ్న, ఇక్కడే అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. గుంటూరులో మిర్చి ఎగుమతి వ్యాపారం నాది. థాయిలాండ్, మలేసియా, శ్రీలంక తరచూ వెళ్తుంటాను. రెండేళ్లుగా జర్మనీ, నెదర్లాండ్స్ కొనుగోలుదారులు కూడా దొరికారు. షెంజెన్ వీసా (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) ప్రతిసారీ తలనొప్పి. పోయిన నెల బెజవాడలో ఒక హోటల్లో సెమినార్ పెట్టారు. కరేబియన్ దీవుల పాస్‌పోర్టు 6 నెలల్లో ఇప్పిస్తాం, 2 లక్షల డాలర్లు ప్రభుత్వానికి కడితే చాలు, అక్కడికి వెళ్లి ఉండక్కర్లేదు, ఇండియా పాస్‌పోర్టు కూడా దగ్గరే పెట్టుకోవచ్చు అన్నారు. అడ్వాన్సు 5 లక్షలు అడుగుతున్నారు. ఎవరైనా తీసుకున్నారా?


డల్లాస్ గుంటూరు
మంగళవారం, ఉదయం 8:10

అడ్వాన్సు ఇవ్వొద్దు. "ఇండియా పాస్‌పోర్టు కూడా పెట్టుకోవచ్చు" అన్న ఒక్క మాట చాలు వాళ్లు నిజం చెప్పడం లేదని తెలియడానికి. డొమినికా అయినా కెనడా అయినా మనకి చట్టం ఒకటే. కొనుక్కున్న పౌరసత్వమూ ఇష్టపూర్వకంగా తీసుకున్నదే.


బందరు రోడ్డు
మంగళవారం, ఉదయం 9:05

మిర్చి యార్డు గారూ, దేశాలు ఇలా ఇవ్వడం అబద్ధం కాదు. సెయింట్ కిట్స్ 1984 నుంచి ఇస్తోంది, డొమినికా 1993 నుంచి. 2024 నుంచి ఆ దీవులు 2 లక్షల డాలర్లకు తక్కువ తీసుకోకూడదని తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. డబ్బు ఇక్కడి నుంచి కదలడమే మొదటి చిక్కు. ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు పథకం) కింద మనిషికి ఏడాదికి 2.5 లక్షల డాలర్లే పంపగలరు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద ఇలాంటి వాటికి 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది తర్వాత రిటర్నులో సర్దుకుంటుంది గానీ, అప్పటికప్పుడు మీ సీజన్ పెట్టుబడిలోంచి 30 లక్షల పైన ఆగిపోతుంది. హవాలాలో పంపిద్దామని ఎవరన్నా అంటే ఆ మనిషితో మాటలే మానెయ్యండి.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఆ పాస్‌పోర్టు విలువ మీ చేతిలో ఉండదు. డొమినికా, ఇలాగే పాస్‌పోర్టు అమ్మే పసిఫిక్ దీవుల దేశం వనువాటు వాళ్లకి బ్రిటన్ 2023 జూలైలో వీసా పెట్టింది. వనువాటుకి ఉన్న వీసా రహిత ప్రవేశాన్ని ఐరోపా సంఘం 2024 డిసెంబరులో పూర్తిగా తీసేసింది. సైప్రస్ ఆ పథకాన్ని 2020లోనే మూసేసింది. మాల్టా పౌరసత్వం అమ్మడం చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2025 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. రెండు కోట్లు పోసి కొన్నాక ఒక ఉత్తర్వుతో మళ్లీ వీసా క్యూలో నిలబడాల్సి వస్తే?


మిర్చి యార్డు
మంగళవారం, మధ్యాహ్నం 1:15

గ్రెనడా తీసుకుంటే అమెరికాలో ఈ2 వీసా (పెట్టుబడిదారుల వీసా) వస్తుందని కూడా చెప్పారండి. మా అబ్బాయి అక్కడ చదువుతున్నాడు.


డల్లాస్ గుంటూరు
మంగళవారం, రాత్రి 8:20

ఒకప్పుడు వచ్చేది. 2022 డిసెంబరులో అమెరికా చట్టం మార్చింది. పెట్టుబడితో పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఆ దేశంలో కనీసం 3 ఏళ్లు నివాసం ఉంటేనే ఈ2. మీరు యార్డు వదిలి గ్రెనడాలో మూడేళ్లు ఉంటారా అన్నా? సెమినార్‌లో ఈ ముక్క చెప్పి ఉండరు.


సిడ్నీ కృష్ణలంక
మంగళవారం, రాత్రి 9:00

అన్నా, మీకు కావలసింది పాస్‌పోర్టు కాదేమో, పొడుగాటి షెంజెన్ వీసా. 2024 ఏప్రిల్ నుంచి మన వాళ్లకి కొత్త పద్ధతి ఉంది. 3 ఏళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడితే తర్వాత 2 ఏళ్ల మల్టిపుల్ వీసా, పాస్‌పోర్టు గడువు ఉంటే ఆ తర్వాత 5 ఏళ్లది. మీరు ఇప్పటికే రెండేళ్లుగా వెళ్తున్నారు కదా, పాత వీసాల కాపీలు జతచేసి ఈసారి మల్టిపుల్ అని స్పష్టంగా అడగండి. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలలు పనిచేస్తాయి. పాస్‌పోర్టు రెన్యువల్ అప్పుడు 60 పేజీల బుక్ పెట్టుకోండి, మీలాంటి వాళ్ల కోసమే అది.


మిర్చి యార్డు
బుధవారం, ఉదయం 6:40

షెంజెన్ మూడుసార్లు వచ్చింది నాకు, మూడూ ఒక్కొక్క ట్రిప్పుకే. ఈ పద్ధతి ఉందని ఏజెంటు ఒక్కసారీ చెప్పలేదు. ఆ 5 లక్షలు ఇవ్వడం లేదు. నలుగురికీ దండాలు.


లబ్బీపేట నాన్న
బుధవారం, ఉదయం 10:00

తెనాలి అమ్మాయీ, నీ ప్రశ్న చదివి తండ్రి వైపు నుంచి రాయాలనిపించింది. మా అబ్బాయి అమెరికా పౌరుడు. 21 దాటిన పౌరుడు తల్లిదండ్రులకి గ్రీన్ కార్డు పెడితే కోటా, ఏళ్ల తరబడి క్యూ ఉండవు. మాకు అలాగే వచ్చింది. వాడు హెచ్1బీ మీద ఉన్నన్నాళ్లు మేం విజిటర్ వీసా మీద ఆరేసి నెలలు వెళ్లొచ్చేవాళ్లం.

కానీ గ్రీన్ కార్డు తీసుకున్నాక తెలిసింది, అది ఊరికే జేబులో పెట్టుకునే కార్డు కాదు. ఏడాది దాటి బయట ఉంటే తిరిగి రానివ్వడం కష్టం. ముందే రీ ఎంట్రీ పర్మిట్ తీసుకుంటే 2 ఏళ్ల దాకా వెసులుబాటు. నాకేమో ఇక్కడ లబ్బీపేటలో పొద్దున్నే నడక, స్నేహితులు, అమ్మవారి గుడి. అక్కడ నాలుగు నెలలకే ఊపిరాడదు. మా ఆవిడకి మనవరాలు కావాలి. ఇద్దరం తలో దేశంలో ఉన్న రోజులూ ఉన్నాయి. చివరికి నా కార్డు నేనే తిరిగి ఇచ్చేశాను. మళ్లీ విజిటర్ వీసా తీసుకున్నాను. ఇప్పుడు నాకు హాయిగా ఉంది.

నువ్వు మీ నాన్నని అక్కడికి లాగకుండా, నువ్వే ఇక్కడికి వచ్చి ఉండటానికి ఆ పాస్‌పోర్టు తీసుకుంటున్నావు. ఈ ముక్క ఆయనకి సరిగ్గా ఇలాగే చెప్పు తల్లీ. "దేశం వదులుకోవడం" అన్న బాధ తగ్గుతుంది.


తెనాలి అమ్మాయి
బుధవారం, రాత్రి 8:30

బాబాయ్ గారూ, మీ మాటలే నాన్నకి చదివి వినిపించాను. "ఆయన ఫోన్ నంబరు ఉంటే బాగుండేది" అన్నారు.

ఇంకో విషయం ఆయన్ని బాధపెడుతోంది, ఓటు. నాకు 18 నిండినప్పటి నుంచి ప్రతి ఎన్నికకీ నన్ను సైకిల్ మీద, తర్వాత బండి మీద బడి దగ్గరికి తీసుకెళ్లి ఓటు వేయించారు. 2024లో కూడా విదేశీ ఓటరుగా 6ఏ ఫారం పెట్టుకుని, సెలవు పెట్టి వచ్చి వేశాను. ఇక వెయ్యలేను కదా?


బ్రాడీపేట నాలుగో లైను
బుధవారం, రాత్రి 9:15

వెయ్యలేరు. ఓసీఐ పేరులో సిటిజన్ అనే మాట ఉన్నా అది పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసా. ఓటు, ఎన్నికల్లో పోటీ, ప్రభుత్వ ఉద్యోగం ఉండవు. జాబితాలో పేరు మీరే తీయించండి, ఫారం 7 పెట్టాలి. తప్పుగా ఉండిపోయిన పేరు రేపు మీకే ఇబ్బంది.

కానీ తలుపు పూర్తిగా మూసుకోదు. ఓసీఐగా 5 ఏళ్లు నమోదై ఉండి, దరఖాస్తుకి ముందు 12 నెలలు ఇండియాలో నివసిస్తే మళ్లీ మన పౌరసత్వం అడిగే వీలు పౌరసత్వ చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. అప్పుడు కెనడాది వదులుకోవాలి. నాన్నగారికి ఇదీ చెప్పండి.


ఆటోనగర్ చెల్లెలు
గురువారం, ఉదయం 11:20

నాకు పేరు గొడవ. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, డిగ్రీలో పూర్తి ఇంటిపేరు ముందు, పెళ్లయ్యాక ఆధార్‌లో మా ఆయన ఇంటిపేరు. అమెరికా గ్రీన్ కార్డులో పేరు ముందు ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వచ్చింది. వచ్చే ఏడాది పౌరసత్వానికి అర్హత వస్తుంది. ఎక్కడ సరిచేసుకోవాలి?


డల్లాస్ గుంటూరు
గురువారం, రాత్రి 8:00

చెల్లీ, ఇది మన తెలుగువాళ్లందరి సమస్య. ఇంటిపేరు ముందు రాయడం, పొడి అక్షరం చేయడం మన అలవాటు, వాళ్ల ఫారంలో దానికి చోటు లేదు. అమెరికాలో అయితే మంచి అవకాశం ఉంది. పౌరసత్వ దరఖాస్తు ఎన్400 ఫారంలోనే పేరు మార్పు అడగొచ్చు, విడిగా ఫీజు లేదు. కోర్టులో జడ్జి ముందు జరిగే ప్రమాణానికి పిలుస్తారు, కొంచెం ఆలస్యం కావచ్చు. అలా వచ్చిన పేరు అన్నిచోట్లా చెల్లుతుంది. పాత పేరూ కొత్త పేరూ రెండూ కనిపించే కాగితాన్ని ప్రాణంలా దాచుకోండి. ఓసీఐకి అది అడుగుతారు, రేపు ఇక్కడ ఆస్తి వారసత్వం వచ్చినప్పుడు "పాసు పుస్తకంలో ఉన్న మనిషి కూతురు నేనే" అని చూపాల్సిందీ దానితోనే.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో దుబాయ్ మీదుగా వెళ్లి అక్కడ దిగుదామనుకునేవాళ్లు కూడా చూసుకోండి. ఒకే పేరున్న పాస్‌పోర్టు మీద విజిట్ వీసా ఇవ్వబోమని యూఏఈ 2022 నవంబరు నుంచి నిబంధన పెట్టింది.


సిడ్నీ కృష్ణలంక
గురువారం, రాత్రి 9:40

పుట్టిన తేదీ పత్రం కూడా. 1989కి ముందు పల్లెల్లో పుట్టినవాళ్లకి చాలామందికి ఉండదు. పంచాయతీ గానీ మునిసిపాలిటీ గానీ "రికార్డు లేదు" అని ఇచ్చే సర్టిఫికెట్, పెద్దవాళ్లిద్దరి అఫిడవిట్లు పెట్టి మా అక్క పని నడిపింది. ఆ అఫిడవిట్ ఇవ్వాల్సిన పెద్దవాళ్లు బతికుండగానే తీసుకోవాలి. మేం మా మేనత్త చేత సరిగ్గా సమయానికి రాయించాం.


దుబాయ్ నుంచి
శుక్రవారం, ఉదయం 9:30

మాకిక్కడ ఎన్నేళ్లున్నా మామూలుగా పౌరసత్వం రాదు. గోల్డెన్ వీసా 10 ఏళ్లది, అది నివాస వీసా మాత్రమే. 2025 జూలైలో "23 లక్షలు కడితే జీవితకాలం గోల్డెన్ వీసా" అని ఇండియాలో పెద్ద ప్రచారం జరిగింది, మా బంధువులు గుంటూరు నుంచి వరసగా ఫోన్లు చేశారు. ఇక్కడి ప్రభుత్వమే అది నిజం కాదని ప్రకటించింది. అప్పటికే డబ్బు సిద్ధం చేసుకున్న ఇంటిని నేను ఎరుగుదును. దయచేసి ఏ దేశం విషయమైనా ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడండి.


తెనాలి అమ్మాయి
శుక్రవారం, రాత్రి 10:10

ఇంకొక్క ప్రశ్న అడిగి ఆపేస్తాను. ఎప్పటికైనా ఆ ఎకరంన్నర నాకు వచ్చి, అమ్మాల్సి వస్తే? అమ్మాలని లేదు, తెలుసుకుందామని.


బందరు రోడ్డు
శనివారం, ఉదయం 7:00

అమ్మొచ్చు. ఇండియాలో నివాసం ఉన్న భారత పౌరుడికే అమ్మాలి, ఇంకో ఎన్ఆర్ఐకో ఓసీఐకో కాదు. పన్ను విషయం మీ పొలం ఎక్కడ ఉందో దాన్ని బట్టి. లక్ష నుంచి 10 లక్షల జనాభా ఉన్న పట్టణం హద్దుకి నేరుగా కొలిస్తే 6 కిలోమీటర్లు దాటి ఉంటే గ్రామీణ వ్యవసాయ భూమి, దానిమీద లాభం పన్ను లేదు. తెనాలి ఈ వరసలోకే వస్తుంది. గుంటూరూ అంతే. విజయవాడ 10 లక్షలు దాటింది కనుక అక్కడ 8 కిలోమీటర్లు. తహసీల్దారు దగ్గర దూరం సర్టిఫికెట్ తీసుకోండి. లోపల ఉంటే దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, పైన సర్‌చార్జీ, సెస్సు. కొనేవాళ్లు మీకిచ్చే డబ్బులోంచే టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకోవాలి. స్థానికులు అమ్మితే పట్టే 1 శాతం లెక్క మీకు వర్తించదు. ముందుగా తక్కువ కోత సర్టిఫికెట్‌కి అప్లై చేస్తే సొమ్ము ఇరుక్కుపోదు. ఎన్ఆర్ఓ నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు.

మీ పాత సేవింగ్స్ ఖాతా ఇంకా మామూలుగానే ఉందా? ఉంటే రేపే ఎన్ఆర్ఓ చేయించండి. అన్నయ్యకి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే అది ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, మర్చిపోవద్దు.


తెనాలి అమ్మాయి
నాలుగు నెలల తర్వాత, ఆదివారం

మీ అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది. నాన్న తెనాలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వీలునామా రిజిస్టర్ చేయించారు. అన్నయ్య పక్కనే ఉండి చూసుకున్నాడు, సాక్షులు నాన్న స్నేహితులు. పొలం నాన్న పేరునే ఉంది. ఈ ఏడు కూడా కౌలుకి ఇవ్వకుండా తనే నాటు వేయించారు.

ప్రమాణం ఆన్‌లైన్‌లో జరిగింది. నాన్నని అన్నయ్య ఫోన్‌లో కూర్చోబెట్టాడు, అంతా చూశారు. అయిపోయాక "ఇప్పుడిక లెక్కపెట్టుకోకుండా రావచ్చు కదా" అన్నారు, అంతే. కొత్త పాస్‌పోర్టు వచ్చింది, పాత నీలం పుస్తకం రద్దు ముద్రతో తిరిగి వచ్చింది, దాన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నాను. ఫారం 7 ఇచ్చాను. ఓసీఐ మొన్న బుధవారం చేతికి అందింది. వరి కోతలకి వస్తున్నాను, తిరుగు టికెట్ తీసుకోలేదు.


లబ్బీపేట నాన్న
ఆదివారం, సాయంత్రం

తెనాలి రైలు నాకు అరగంట దూరం. మీ నాన్నగారికి అభ్యంతరం లేకపోతే ఒకరోజు వచ్చి కలుస్తాను తల్లీ.


తెనాలి అమ్మాయి
ఆదివారం, రాత్రి

తప్పకుండా రండి బాబాయ్ గారూ. పిన్నిగారిని కూడా తీసుకురండి. అడ్రసు విడిగా పంపిస్తాను.